లైనక్స్‌లో పెన్‌డ్రైవ్ కనబడట్లేదా? ఫార్మాట్ కొట్టేముందు ఇది చదవండి

కొన్నేళ్ళ క్రితం ఒక ఆదివారం పొద్దున్నే తెనాలి నుంచి మా బాబాయి ఫోన్ చేశారు. "ఒరేయ్, ఫొటోగ్రాఫర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్ పెడితే ఏమీ రావట్లేదురా. ఇక్కడ కంప్యూటర్లు బాగుచేసే అతనికి చూపిస్తే డ్రైవ్ పాడైపోయింది, ఫార్మాట్ కొట్టాలి అంటున్నాడు. కొట్టించెయ్యనా?" అందులో ఉన్నవి ఆయన షష్టిపూర్తి ఫొటోలు, వీడియో. ఫొటోగ్రాఫర్ తన దగ్గర ఇంకో కాపీ ఉంచుకున్నాడో లేదో ఎవరికీ తెలీదు. ఆ లాప్‌టాప్‌లో ఉబుంటు 18.04 (లైనక్స్‌లో ఒక రకం) వేసి ఇచ్చింది నేనే కాబట్టి నాకు గుండె జారింది. "బాబాయ్, దాన్ని ఇంక ఎవరి చేతికీ ఇవ్వకండి. ఫార్మాట్ మాట ఎత్తకండి. ఫోన్ స్పీకర్‌లో పెట్టి నేను చెప్పేది ఒక్కొక్కటే టైప్ చెయ్యండి" అన్నాను. అరగంట లోపే ఫొటోలు తెరుచుకున్నాయి. డ్రైవ్ నిక్షేపంగా ఉంది, అందులో ఒక్క ఫైలుకి కూడా ఏమీ కాలేదు.

ఆరోజు నుంచీ ఈ విషయం తీరిగ్గా రాయాలనుకుంటున్నాను. ఎందుకంటే "పెన్‌డ్రైవ్ కనబడట్లేదు" అనే ఒకే ఒక్క మాట వెనక ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదారు సమస్యలు ఉంటాయి, అవి దేనికదే వేరు, ఒకదాని మందు ఇంకోదానికి పనిచెయ్యదు, కానీ బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి: డ్రైవ్ పెడతాం, తెర మీద ఏమీ రాదు. అందుకే జనం దొరికిన కమాండల్లా కొట్టి చూస్తారు, చివరికి విసుగొచ్చి ఫార్మాట్ నొక్కేస్తారు. అసలు చెయ్యాల్సిన పని, డ్రైవ్ ఎంతవరకు వచ్చి ఆగిపోయిందో ముందు తెలుసుకోవడం. అది తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఒక చిన్న మాట. కమాండ్లని ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీలో) మాత్రం వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఎల్ఎస్‌బీఎల్‌కే అని రాస్తే ఆ ఐదక్షరాలూ వరుసగా, మధ్యలో ఖాళీ లేకుండా.

పోర్టు నుంచి తెర దాకా

మీరు డ్రైవ్‌ని పోర్టులో గుచ్చగానే మొదట దానికి కరెంటు అందాలి. తర్వాత కెర్నెల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) దాన్ని "నువ్వెవరు, ఏం పని చేస్తావు" అని అడుగుతుంది, డ్రైవ్ తన కంపెనీ నంబరు, మోడల్ నంబరు చెబుతుంది. అది స్టోరేజ్ పరికరం అని తేలాక కెర్నెల్ తగిన డ్రైవర్‌ని, అంటే యూఎస్‌బీ-స్టోరేజ్ అనేదాన్నో యూఏఎస్ అనేదాన్నో, దానికి తగిలిస్తుంది. అప్పుడు దానికి /డెవ్/ఎస్‌డీబీ లాంటి పేరొస్తుంది. ఆ తర్వాత లోపలున్న పార్టిషన్లు, అంటే డ్రైవ్‌లోని విభాగాలు, చదివి ఎస్‌డీబీ1, ఎస్‌డీబీ2 అని వాటికీ పేర్లు పెడుతుంది. ఒక్కో పార్టిషన్‌లో ఏ ఫైల్‌సిస్టమ్ (ఫైళ్ళని సర్దిపెట్టే పద్ధతి) ఉందో సిస్టమ్ చూస్తుంది. చివరాఖరికి యూడిస్క్స్ అనే సర్వీసు, డెస్క్‌టాప్ కలిసి దాన్ని మౌంట్ చేస్తే, అంటే లోపలి ఫైళ్ళు తెరుచుకునేలా ఒక ఫోల్డర్‌కి తగిలిస్తే, అప్పుడు మీకు ఫైల్ మేనేజర్‌లో ఎడమ పక్కన చిన్న బొమ్మ కనిపిస్తుంది.

ఈ గొలుసులో ఎక్కడ తెగినా మీకు కనిపించేది మాత్రం అదే ఖాళీ తెర.

ఎక్కడ తెగిందో చెప్పేవి మూడు కమాండ్లు. ఎల్ఎస్‌యూఎస్‌బీ కొడితే కెర్నెల్ పలకరించిన యూఎస్‌బీ పరికరాలన్నీ వస్తాయి. ఎల్ఎస్‌బీఎల్‌కే పక్కన ఒక ఖాళీ ఇచ్చి డ్యాష్ ఎఫ్ అని కొడితే డిస్కులు, పార్టిషన్లు, వాటి ఫైల్‌సిస్టమ్‌లు, ఎక్కడ మౌంట్ అయ్యాయో అన్నీ చూపిస్తుంది. మూడోది డీఎంఈఎస్‌జీ, జనం డీమెసేజ్ అంటారు, ఇది కెర్నెల్ తనలో తను మాట్లాడుకునే మాటల చిట్టా. మొదటిదాంట్లోనే డ్రైవ్ లేకపోతే సమస్య కరెంటు, కేబుల్, పోర్టు దగ్గర. మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేకపోతే డ్రైవర్ దగ్గర. రెండోదాంట్లో డిస్కు ఉండి దాని కింద పార్టిషన్ గానీ ఫైల్‌సిస్టమ్ పేరు గానీ లేకపోతే లోపలి ఫార్మాట్ దగ్గర. అన్నీ ఉండి ఫైల్ మేనేజర్‌లో మాత్రం లేకపోతే మౌంట్ దగ్గర.

మూడింట్లోకీ నాకు ఎక్కువ ఉపయోగపడేది డీమెసేజ్. దాన్ని ఎలా చదవాలో దగ్గరగా చూపిస్తాను. డ్రైవ్ తీసేసి, టెర్మినల్‌లో సుడో డీమెసేజ్ డ్యాష్ డబ్ల్యూ అని కొట్టి (సుడో అంటే అడ్మిన్ హక్కుతో నడపమని, ఈమధ్య ఉబుంటుల్లో అది లేకపోతే ఒప్పుకోదు) రెండుమూడు సార్లు ఎంటర్ నొక్కి కాస్త ఖాళీ చేసుకుని, అప్పుడు డ్రైవ్ పెట్టండి. అన్నీ బాగుంటే లైన్లు ఇలా దిగుతాయి. ముందు "న్యూ హై-స్పీడ్ యూఎస్‌బీ డివైస్ నంబర్ 5" అని ఒకటి. వెంటనే ఐడీవెండర్, ఐడీప్రోడక్ట్ అని రెండు నాలుగంకెల కోడ్‌లు, ఉదాహరణకి 0781, 5567 వస్తే అది శాన్‌డిస్క్ క్రూజర్ బ్లేడ్. తర్వాత "యూఎస్‌బీ మాస్ స్టోరేజ్ డివైస్ డిటెక్టెడ్". ఒకట్రెండు సెకన్లు ఆగి ఎస్‌డీబీ అన్న పేరుతో ఇన్ని 512 బైట్ల బ్లాకులు, మొత్తం ఇన్ని జీబీ అని సైజు. దాని కింద ఎస్‌డీబీ: ఎస్‌డీబీ1 అని పార్టిషన్. చివర "అటాచ్డ్ స్కజీ రిమూవబుల్ డిస్క్". ఈ వరుస ఏ లైను దగ్గర ఆగిపోయిందో, లేదా ఏ లైను బదులు ఎర్రర్ వచ్చిందో, అదే మీ సమస్య ఉన్న చోటు. డ్రైవ్ పెట్టినా ఒక్క లైను కూడా కదలకపోతే కంప్యూటర్‌కి అసలు ఏదో తగిలిందన్న సంగతే తెలీలేదన్నమాట.

కరెంటు, కేబుల్, పోర్టు

ఇది చాలామంది నమ్మరు గానీ నేను చూసినవాటిలో ఎక్కువ శాతం ఇక్కడే తేలిపోతాయి. "డివైస్ డిస్క్రిప్టర్ రీడ్/64, ఎర్రర్ -71" అనో "-110" అనో వస్తే భయపడక్కర్లేదు. -110 అంటే అడిగినా సమాధానం రాలేదు, టైమవుట్. -71 అంటే సమాధానం ఏదో వచ్చింది కానీ అది గజిబిజిగా ఉంది, ప్రోటోకాల్ తప్పింది. రెండింటికీ మామూలుగా కారణం సిగ్నల్ సరిగ్గా అందకపోవడమే: వదులైన పోర్టు, పొడుగు కేబుల్, నాసిరకం హబ్బు, లేదా చాలని కరెంటు. నాలుగుసార్లు ప్రయత్నించి "అన్‌ఏబుల్ టు ఎన్యూమరేట్ యూఎస్‌బీ డివైస్" అని చేతులెత్తేస్తుంది.

డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టులు వదిలేసి వెనక మదర్‌బోర్డు మీదున్న పోర్టులో పెట్టండి. ముందు పోర్టులకి క్యాబినెట్ లోపల ఒక కేబుల్ వెళ్తుంది, అది చాలా క్యాబినెట్లలో అంత బాగుండదు. హబ్బు ఉంటే తీసేసి నేరుగా పెట్టండి. లెక్క ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900. పెన్‌డ్రైవ్‌కి ఇది ధారాళంగా సరిపోతుంది. లోపల పళ్ళెం తిరిగే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులకే తిప్పలు, పళ్ళెం తిరగడం మొదలయ్యే క్షణంలో అవి ఎక్కువ కరెంటు లాగుతాయి, పోర్టు ఇవ్వలేకపోతే "టిక్, టిక్" అని చప్పుడు చేసి ఆగిపోతాయి, మళ్ళీ మొదలవుతాయి. ఆ చప్పుడు వినబడుతుంటే వెంటనే తీసేసి, సొంత అడాప్టర్ ఉన్న హబ్బులో పెట్టండి, అలా వదిలేస్తే డిస్కుకే ప్రమాదం. రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ వాడేవాళ్ళు ఇది ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. రాస్‌బెర్రీ పై 4 మోడల్‌లో నాలుగు పోర్టులకీ కలిపి ఇచ్చేది 1.2 ఆంపియర్లే. రాస్‌బెర్రీ పై 5 మోడల్‌కి 5 ఆంపియర్ల అడాప్టర్ పెట్టకపోతే యూఎస్‌బీ మొత్తానికి 600 మిల్లీ ఆంపియర్లకి తగ్గించేస్తుంది.

ఇంకొక చిన్న విషయం. 3.0 డ్రైవ్‌ని నీలం పోర్టులో పెట్టినా డీమెసేజ్‌లో "సూపర్‌స్పీడ్" అని కాకుండా "హై-స్పీడ్" అని వస్తోందంటే అది 2.0 లెక్కన కలిసింది. 3.0 కనెక్టర్‌లో పాత నాలుగు పిన్నులతో పాటు అదనంగా ఐదు పిన్నులుంటాయి, మెల్లగా తోస్తూ పెడితే ముందు పాతవి తగిలి దాంతోనే సర్దుకుంటుంది. తీసి ఒక్కసారిగా గట్టిగా పెట్టి చూడండి.

లాప్‌టాప్‌లో బ్యాటరీ ఆదా కోసం టీఎల్‌పీ లాంటివి వేసుకున్నవాళ్ళకి వేరే తంటా ఉంటుంది. అవి వాడకంలో లేని యూఎస్‌బీ పరికరాలని నిద్రపుచ్చుతాయి, కొన్ని పరికరాలు ఆ నిద్రలోంచి సరిగ్గా లేవవు. డ్రైవ్ పెట్టిన వెంటనే బాగానే ఉండి, కాసేపు వాడకుండా వదిలేస్తే మాయమవుతోందంటే అనుమానించాల్సింది ఇదే. టీఎల్‌పీ సెట్టింగుల్లో యూఎస్‌బీ ఆటోసస్పెండ్ సున్నా చేసి చూస్తే తెలిసిపోతుంది.

పలకరింపు అయింది, డిస్కు మాత్రం లేదు

ఎల్ఎస్‌యూఎస్‌బీలో పేరు కనిపిస్తోంది, ఎల్ఎస్‌బీఎల్‌కేలో జాడ లేదు. ఆర్చ్ (ఇంకో రకం లైనక్స్) వాడేవాళ్ళకి ఇది దాదాపు అందరికీ ఒక్కసారైనా అనుభవమే. పొద్దున అప్‌డేట్ కొట్టారు, అందులో కొత్త కెర్నెల్ వచ్చింది, రీస్టార్ట్ చెయ్యలేదు, సాయంత్రం పెన్‌డ్రైవ్ పెట్టారు, ఏమీ లేదు. జరిగిందేమిటంటే, నడుస్తున్నది ఇంకా పాత కెర్నెలే, కానీ దాని మాడ్యూళ్ళని (డ్రైవర్ల లాంటి విడి భాగాలని) ప్యాకేజీ మేనేజర్ డిస్కు మీంచి తీసేసి కొత్తవి పెట్టింది. యూఎస్‌బీ-స్టోరేజ్ అనేది అవసరమైనప్పుడు మాత్రమే లోడ్ అయ్యే మాడ్యూల్ కాబట్టి, ఇప్పుడు దాన్ని వెతుక్కుంటూ వెళ్తే అక్కడ లేదు. యూనేమ్ డ్యాష్ ఆర్ కొట్టి వచ్చిన వెర్షన్ పేరుతో /లిబ్/మాడ్యూల్స్ కింద ఫోల్డర్ ఉందో లేదో చూడండి. లేకపోతే రీస్టార్ట్ చెయ్యండి, అంతే, ఇంక వేరే వైద్యం అక్కర్లేదు. ఉబుంటు, డెబియన్, ఫెడోరా పాత కెర్నెల్‌ని కూడా ఉంచుతాయి కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది అరుదు.

ఆఫీసు లాప్‌టాప్ అయితే, ఇది లోపం కాదు, కావాలని పెట్టిన తాళం అయ్యుండొచ్చు. డేటా బయటికి పోకుండా యూఎస్‌బీ-స్టోరేజ్ మాడ్యూల్‌ని ఆపెయ్యడం సెక్యూరిటీ వాళ్ళు మామూలుగా చేసే పని. /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లోని ఫైళ్ళలో యూఎస్‌బీ-స్టోరేజ్ పేరుతో "బ్లాక్‌లిస్ట్" అనో, చివర "/బిన్/ఫాల్స్" అనో ఉంటే అదే. యూఎస్‌బీగార్డ్ అనే ప్రోగ్రామ్ కూడా ఇదే పని చేస్తుంది. సొంత కంప్యూటర్ అయితే ఆ లైను తీసెయ్యొచ్చు. ఆఫీసుదైతే ముట్టుకోకుండా ఐటీ వాళ్ళని అడగండి, అది మీ ఉద్యోగానికి సంబంధించిన విషయం.

ఎస్ఎస్‌డీని యూఎస్‌బీ కేస్‌లో పెట్టుకుని వాడేవాళ్ళకి వచ్చే తలనొప్పి యూఏఎస్. ఇది పాత పద్ధతి కంటే వేగంగా పనిచేసే డ్రైవర్, ఒకేసారి చాలా ఆదేశాలు వరుసలో పెట్టుకోగలదు. కొన్ని కేసుల్లోని చిప్పులు మాత్రం మాకు యూఏఎస్ వచ్చు అని చెబుతాయి గానీ సరిగ్గా చెయ్యలేవు. డ్రైవ్ కనిపిస్తుంది, పెద్ద ఫైలు కాపీ మొదలుపెడితే మధ్యలో గడ్డకట్టుకుపోతుంది, డీమెసేజ్‌లో యూఏఎస్ అన్న పేరుతో మొదలయ్యే అబార్ట్, రీసెట్ లైన్లు కుప్పలుగా పడతాయి. దీనికి మందు కెర్నెల్ బూట్ లైన్‌లో యూఎస్‌బీ-స్టోరేజ్.క్విర్క్స్ అని పెట్టి సమానం గుర్తు, మధ్యలో కోలన్‌తో ఆ డ్రైవ్ రెండు కోడ్‌లు, చివర ఇంకో కోలన్, యూ అక్షరం చేర్చడం. ఈ ఒక్క పరికరానికి మాత్రం పాత పద్ధతే వాడు అని చెప్పడం అన్నమాట. వేగం కొంత తగ్గుతుంది. డేటా పోవడం కంటే అది నయం.

డిస్కు ఉంది, తెరుచుకోదు

బాబాయి డ్రైవ్ ఆగింది ఇక్కడే. ఎల్ఎస్‌బీఎల్‌కే ఒకసారి ఉత్తిగా, ఇంకోసారి డ్యాష్ ఎఫ్‌తో కొట్టమంటే ఆయన ఒక్కో అక్షరం చదివి వినిపించారు. ఎస్‌డీబీ ఉంది, సైజు 57.3జీ అని ఉంది (64 జీబీ డ్రైవ్ అంటే దాదాపు అంతే చూపిస్తుంది, కంపెనీలు వెయ్యితో గుణిస్తాయి, కంప్యూటర్ 1024తో లెక్కేస్తుంది), కింద ఎస్‌డీబీ1 ఉంది, పక్కన "ఎక్స్‌ఫ్యాట్" అని రాసి ఉంది. అది వినగానే నాకు టెన్షన్ దిగిపోయింది. పాడైపోయిన డ్రైవ్ అంత శుభ్రంగా తన పేరు చెప్పుకోదు. లైనక్స్ దాన్ని గుర్తుపట్టింది, కానీ ఆ ఫైల్‌సిస్టమ్‌ని చదివే డ్రైవర్ ఆ ఉబుంటులో లేదు, అంతే జరిగింది.

ఎక్స్‌ఫ్యాట్‌ది కాస్త కథ ఉంది. ఫ్యాట్32లో 4 జీబీ కంటే పెద్ద ఫైలు పట్టదు, పెళ్ళి వీడియోలు ఆ హద్దు ఎప్పుడో దాటేశాయి. ఆ ఇబ్బంది తీర్చడానికి మైక్రోసాఫ్ట్ 2006లో ఎక్స్‌ఫ్యాట్ తెచ్చింది. 32 జీబీ దాటిన ఎస్‌డీ కార్డులకి అదే ప్రామాణికం అయింది, కాబట్టి కెమెరాలు వాడే ఫొటోగ్రాఫర్ల దగ్గర అంతా అదే. కానీ దాని మీద పేటెంట్లు ఉండటంతో చాలాకాలం లైనక్స్ కెర్నెల్‌లోకి రాలేదు, విడిగా ఒక ప్యాకేజీ వేసుకోవాల్సి వచ్చేది. 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ దాని వివరాలు బయటపెట్టి కెర్నెల్‌లో చేరడానికి మద్దతిచ్చింది. ఆ సంవత్సరమే 5.4 కెర్నెల్‌లో ఒక తాత్కాలిక డ్రైవర్, 2020లో 5.7 కెర్నెల్‌లో శామ్‌సంగ్ వాళ్ళు రాసిన పూర్తి డ్రైవర్ వచ్చాయి. బాబాయి లాప్‌టాప్‌లోది 4.15. అంటే ఆ మార్పులన్నిటికీ ముందుది. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎక్స్‌ఫ్యాట్-ఫ్యూజ్ అని వేయించి, డ్రైవ్ తీసి మళ్ళీ పెట్టమన్నాను. అవతలినుంచి ముందు పిన్ని గొంతు వినబడింది, "అదుగో, అదుగో ఫొటోలు" అని.

ఆ షాపతన్ని కూడా నేను తప్పుపట్టలేను. మౌంట్ చెయ్యబోతే లైనక్స్ చాలాసార్లు ఇచ్చే సందేశం అలాంటిది: "రాంగ్ ఎఫ్ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్, మిస్సింగ్ కోడ్‌పేజ్ ఆర్ హెల్పర్ ప్రోగ్రామ్, ఆర్ అదర్ ఎర్రర్." అది చదివినవాళ్ళ కళ్ళు "బ్యాడ్ సూపర్‌బ్లాక్" దగ్గరే ఆగిపోతాయి. నిజానికి అది రోగం పేరు కాదు, వీటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది అని ఇచ్చిన జాబితా. అందులో "హెల్పర్ ప్రోగ్రామ్ లేదు" అన్నది కూడా ఉంది, మనకి చాలాసార్లు వర్తించేది అదే. ఈ సందేశం వచ్చిన వెంటనే డీమెసేజ్ చివరి లైన్లు చూస్తే అసలు కారణం అక్కడ విడమరిచి ఉంటుంది.

ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ వాడే ఫైల్‌సిస్టమ్) డ్రైవ్ అయితే తరచుగా వచ్చేది వేరే. డ్రైవ్ మౌంట్ అవ్వదు, లేదా అవుతుంది గానీ చదవడానికే తప్ప రాయడానికి ఒప్పుకోదు, "అన్‌క్లీన్ ఫైల్‌సిస్టమ్" అంటుంది. విండోస్‌లో ఎజెక్ట్ చెయ్యకుండా లాగేసినప్పుడు ఆ డ్రైవ్ మీద పని పూర్తికాలేదన్న గుర్తు మిగిలిపోతుంది. ఇంకో కారణం విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్. దాంట్లో షట్‌డౌన్ అంటే నిజంగా షట్‌డౌన్ కాదు, సగం నిద్ర. డ్రైవ్ అప్పుడు తగిలించి ఉంటే దాని వివరాలు కొన్ని విండోస్ దగ్గరే ఉండిపోతాయి. లైనక్స్ ఇక్కడ మొండికేస్తోంది అనుకోకండి, మీ డేటాని కాపాడుతోంది. వీలైతే డ్రైవ్‌ని విండోస్ మెషిన్‌లో పెట్టి, చెక్‌డిస్క్ నడిపి, సరిగ్గా ఎజెక్ట్ చేసి తీసుకురండి. అందుబాటులో విండోస్ లేకపోతే ఎన్‌టీఎఫ్ఎస్‌ఫిక్స్ అనే కమాండ్ ఉంది, డ్యాష్ డి పెట్టి నడిపితే ఆ గుర్తు తీసేస్తుంది. కానీ అది చెక్‌డిస్క్‌కి సాటి కాదు, పైపై పనే. ముఖ్యమైనవి ఉంటే ముందు చదవడానికి మాత్రమే మౌంట్ చేసి, కాపీ తీసుకున్నాకే దాని జోలికి వెళ్ళండి.

ఎల్ఎస్‌బీఎల్‌కేలో "బిట్‌లాకర్" అని కనిపిస్తే అది తాళం వేసిన డ్రైవ్. పాస్‌వర్డ్ గానీ రికవరీ కీ గానీ తెలిస్తే క్రిప్ట్‌సెటప్ అనే ప్రోగ్రామ్ 2.3 వెర్షన్ నుంచి, అంటే 2020 నుంచి, లైనక్స్ దాన్ని తెరవగలదు. ఆ రెండూ తెలియకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

"ఐఎస్ఓ9660" అని కనిపిస్తే? మీరు ఎప్పుడో ఆ డ్రైవ్ మీద ఉబుంటో మింటో ఎక్కించారు, ఇప్పుడు 32 జీబీ డ్రైవ్ 3 జీబీ లాగా కనబడుతోంది, రాయనివ్వట్లేదు. డ్రైవ్ పాడవలేదు, సీడీ వేషంలో ఉంది. లోపల అవసరమైనవి ఏమీ లేవని నిర్ధారించుకున్నాక డిస్క్స్ అప్లికేషన్‌లో మొత్తం డ్రైవ్‌ని (పార్టిషన్‌ని కాదు) ఎంచుకుని ఫార్మాట్ చెయ్యొచ్చు. ఈ మొత్తం వ్యాసంలో నేను ఫార్మాట్ చెయ్యమనేది ఈ ఒక్కచోటే. అప్పుడు కూడా పేరు ఎస్‌డీఏనా ఎస్‌డీబీనా రెండుసార్లు చూసుకోండి. ఆ అక్షరాలు ఈరోజు ఒకటి, రేపు ఇంకొకటి అవ్వొచ్చు.

అన్నీ ఉన్నాయి, ఫైల్ మేనేజర్‌లో మాత్రం లేదు

దీన్ని కనిపెట్టడానికి నాకు ఒకసారి సాయంత్రమంతా పట్టింది. పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ చేసిన ఒక పాత డెబియన్ మెషిన్. ఏ డ్రైవ్ పెట్టినా పర్మిషన్ లేదంటోంది, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు పెట్టినా అంతే. చివరికి /ఈటీసీ/ఎఫ్ఎస్‌టాబ్ ఫైల్ (ఏ డిస్కుని ఎక్కడ మౌంట్ చెయ్యాలో రాసి ఉండేది) తెరిస్తే అందులో ఒక లైను: /డెవ్/ఎస్‌డీబీ1, పక్కన /మీడియా/యూఎస్‌బీ0. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పెట్టి ఉంచిన పెన్‌డ్రైవ్‌ని ఇన్‌స్టాలర్ శాశ్వతమైన డిస్కు అనుకుని రాసిపెట్టేసింది. ఆ తర్వాత ఏ డ్రైవ్ పెట్టినా దానికి వచ్చే పేరు ఎస్‌డీబీ1 కాబట్టి, ప్రతిదాన్నీ ఈ పాత లైను అడ్డుకుంటోంది. ఆ లైను ముందు హ్యాష్ గుర్తు పెట్టగానే అంతా మామూలైపోయింది. అలాంటి ఇన్‌స్టాలేషన్లు ఇంకా చాలా నడుస్తున్నాయి, ఒకసారి మీ ఎఫ్ఎస్‌టాబ్ చూసుకోండి.

మీరే కావాలని ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌ని ఎఫ్ఎస్‌టాబ్‌లో రాసుకున్నా, ఎస్‌డీబీ1 అని కాకుండా దాని యూయూఐడీతో (దానికి మాత్రమే ఉండే గుర్తింపు నంబరుతో) రాయండి, నోఫెయిల్ అన్న ఆప్షన్ చేర్చండి. అది లేకపోతే డ్రైవ్ పెట్టని రోజున కంప్యూటర్ బూట్ అయ్యేటప్పుడు 90 సెకన్లు దానికోసం ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది.

ఐ3, స్వే లాంటి తేలిక విండో మేనేజర్లు వాడేవాళ్ళకి డ్రైవ్ దానంతటది మౌంట్ అవ్వదు, ఆ పని చేసే డెస్క్‌టాప్ అక్కడ లేదు కదా. ఆ పని చేసిపెట్టే యూడిస్కీ వేసుకోవచ్చు, లేదా యూడిస్క్స్‌సీటీఎల్ మౌంట్ డ్యాష్ బి అని కొట్టి పక్కన /డెవ్/ఎస్‌డీబీ1 ఇవ్వొచ్చు. సుడో మౌంట్ కంటే ఇది మేలు. సుడోతో మౌంట్ చేస్తే ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌లలోని ఫైళ్ళన్నీ రూట్ సొత్తు అయిపోయి, మీరు అందులోకి ఒక్క ఫైలు కూడా కాపీ చెయ్యలేకపోతారు.

ఇంకొకటి, డ్రైవ్ ఫైల్ మేనేజర్‌లో బాగానే ఉంటుంది, కానీ ఒక అప్లికేషన్‌లో "ఓపెన్" నొక్కితే మాత్రం అక్కడ కనబడదు. ఆ అప్లికేషన్ స్నాప్ ప్యాకేజీ అయ్యుంటుంది. స్నాప్‌లు ఒక గదిలో బంధించినట్టు నడుస్తాయి, బయటి డ్రైవ్‌లు చూడటానికి విడిగా అనుమతివ్వాలి: సుడో స్నాప్ కనెక్ట్, తర్వాత అప్లికేషన్ పేరు, కోలన్, రిమూవబుల్-మీడియా. ఫ్లాట్‌ప్యాక్‌లకైతే ఫ్లాట్‌సీల్ అనే అప్లికేషన్‌లో ఆ అనుమతి ఇవ్వొచ్చు.

డ్రైవ్ నిజంగానే పోతుంటే

డీమెసేజ్‌లో "బఫర్ ఐఓ ఎర్రర్", "క్రిటికల్ మీడియం ఎర్రర్" అని వరసగా వస్తున్నా, పోర్టు మార్చినా, కంప్యూటర్ మార్చినా అదే అయినా, డ్రైవ్ ఊపిరి తీసుకోవడానికి ఇబ్బందిపడుతోందని అర్థం. సైజు 0 అని చూపిస్తే లోపలి కంట్రోలర్ మెమరీని చేరుకోలేకపోతోంది, ఇంట్లో కూర్చుని చేసేది పెద్దగా ఉండదు. సైజు సరిగ్గానే ఉండి చదవడంలో తప్పులొస్తుంటే మాత్రం ఆశ ఉంది, కానీ చేసే పనుల వరుస ముఖ్యం. దాని మీద ఎఫ్ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ తప్పులు సరిచేసే కమాండ్) నడపొద్దు, మళ్ళీమళ్ళీ తెరవడానికి ప్రయత్నించొద్దు. ముందు డీడీరెస్క్యూతో మొత్తం డ్రైవ్‌ని ఒక ఇమేజ్ ఫైలుగా తీసుకోండి, డ్రైవ్ ఎంత సైజో అంత ఖాళీ ఇంకో డిస్కులో కావాలి. ఉబుంటు, డెబియన్‌లలో ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ, కమాండ్ మాత్రం డీడీరెస్క్యూ. ఇది ముందు తేలిగ్గా వచ్చే భాగాలన్నీ తీసుకుని, మొరాయించే చోట్లని గుర్తుపెట్టుకుని చివర్లో మళ్ళీ ప్రయత్నిస్తుంది. మ్యాప్‌ఫైల్ పేరు కూడా ఇస్తే మధ్యలో ఆగిపోయినా ఆగిన చోటినుంచే మొదలవుతుంది. ఆ తర్వాత పోయిన ఫైళ్ళు వెలికితీసే టెస్ట్‌డిస్క్ అయినా ఫొటోరెక్ అయినా ఆ ఇమేజ్ మీదే నడపండి. చావుబతుకుల్లో ఉన్న డ్రైవ్ మీద కాదు.

రోడ్డు పక్కన మరీ చవగ్గా దొరికే 512 జీబీ, 1 టీబీ పెన్‌డ్రైవ్‌ల గురించి కూడా చెప్పాలి. కొన్నిటిలో నిజంగా ఉండేది 8 జీబీయో 16 జీబీయో, కంట్రోలర్‌తో అబద్ధం చెప్పిస్తారు. అంతవరకు బాగానే రాస్తుంది, ఆ తర్వాత రాసినవి గాల్లో కలిసిపోతాయి, ఫైళ్ళ పేర్లు ఉంటాయి గానీ తెరవవు. కొత్త డ్రైవ్ కొనగానే ఎఫ్3రైట్, ఎఫ్3రీడ్ అనే రెండు కమాండ్లు నడిపితే నిజం బయటపడుతుంది. వాపసు ఇచ్చే గడువులోనే చెయ్యండి.

లాగేసేముందు

బాబాయి ఫొటోలు వచ్చాక ఇంకో పని పడింది. వాటిలో కొన్ని, ఒక వీడియోతో కలిపి 1.2 జీబీ, మా అత్తయ్యకి ఇవ్వడానికి వేరే పాత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. కాపీ పెట్టగానే పది సెకన్లలో గీత చివరికి వెళ్ళిపోయింది. "అయిపోయిందిరా, తీసేస్తున్నా" అన్నారు. ఆగమన్నాను. లైనక్స్ కాపీ చేసేటప్పుడు డేటాని ముందు ర్యామ్‌లోకి తీసుకుని, పని అయిపోయిందని చెప్పి, వెనక తీరిగ్గా డ్రైవ్‌లోకి రాస్తుంది. మామూలుగా ర్యామ్‌లో ఖాళీగా ఉన్నదాంట్లో 20 శాతం దాకా అలా పోగుపడనిస్తుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న మెషిన్‌లో 1.2 జీబీ పూర్తిగా అందులోనే ఇమిడిపోతుంది. ఆ పాత డ్రైవ్ రాసే వేగం సెకనుకి 5 ఎంబీ. అంటే తెర మీద అయిపోయింది అన్నాక కూడా నాలుగు నిమిషాల పని మిగిలే ఉంది. చాలా పెన్‌డ్రైవ్‌లు "పాడయ్యేది", తర్వాత "కనబడనిది" ఈ నాలుగు నిమిషాల్లో లాగెయ్యడం వల్లే.

ఎజెక్ట్ నొక్కితే ఆ రాయడం పూర్తయ్యేదాకా అదే ఆపుతుంది. టెర్మినల్‌లో అయితే సింక్ అని కొడితే చాలు, రాత పూర్తయ్యాకే మళ్ళీ ప్రాంప్ట్ వస్తుంది. ఎంత మిగిలిందో కళ్ళారా చూడాలనుంటే వాచ్ గ్రెప్ డర్టీ అని కొట్టి, పక్కన /ప్రాక్/మెమ్‌ఇన్ఫో ఇవ్వండి, ఇక్కడ డర్టీలో మొదటి అక్షరం మాత్రం పెద్దది. రెండు సెకన్లకోసారి ఒక అంకె మారుతూ ఉంటుంది, ఇంకా డ్రైవ్‌కి చేరని కిలోబైట్లవి.

బాబాయితో అదే కొట్టించాను. పదకొండు లక్షల చిల్లర నుంచి మొదలై తగ్గుతూ వస్తుంటే ఆయన ఫోన్లో అంకెలు చదువుతూ కూర్చున్నారు. తొమ్మిది లక్షలు, ఆరు లక్షలు, రెండు. వందల్లోకి వచ్చాక ఎజెక్ట్ నొక్కమన్నాను, తీయొచ్చని తెర మీద సందేశం వచ్చింది.

"ఇప్పుడు తియ్యనా?"

"ఇప్పుడు తియ్యండి బాబాయ్."